నీలి టోపీ ఒక్కటే చాలదు



ఐక్యరాజ్యసమితి శాంతి దళాల వల్ల అంతర్యుద్ధాలు ఆగుతాయా? గుమాస్తాగా రిటైరైన నాకు తోచిన పోలిక ఒకటుంది. జి.ఓ. వస్తుంది, బడ్జెట్ రాదు. పని జరగదు, మాట పడేది మాత్రం కింది ఉద్యోగి.

1994లో రువాండాలో జరిగింది అదే. అక్కడ సుమారు 2,500 మంది శాంతి సైనికులుండేవారు. పదిమంది బెల్జియం సైనికులు హతులయ్యాక, మారణకాండ సాగుతుండగానే, భద్రతా మండలి ఏప్రిల్ 21న ఆ దళాన్ని 270కి కుదించాలని తీర్మానించింది. దళపతి, కెనడా జనరల్ డలేర్, అదనపు బలగం అడిగినా సకాలంలో అందలేదు. సుమారు వంద రోజుల్లో దాదాపు ఎనిమిది లక్షల మంది బలయ్యారు.

సియెర్రా లియోన్‌లోనూ మొదట అలాగే అయ్యేటట్లు కనిపించింది. 2000 మేలో తిరుగుబాటుదారులు దాదాపు 500 మంది శాంతి సైనికులను నిర్బంధించారు. కైలాహున్‌లో ముట్టడిలో చిక్కిన మన జవాన్లను జూలైలో ‘ఆపరేషన్ ఖుక్రీ’ ద్వారా విడిపించారు. ఈసారి సమితి వెనుదీయలేదు. 2001లో దళాన్ని 17,500కి పెంచింది. బ్రిటిష్ సైన్యమూ ప్రభుత్వానికి తోడైంది. 70,000 మందికి పైగా ఆయుధాలు అప్పగించారు. 2002 జనవరిలో యుద్ధం ముగిసిందని ప్రకటించారు, మేలో ఎన్నికలు జరిగాయి.

కనుక శాంతి దళాలు దండగ అనడమూ తప్పే, పంపితే చాలుననడమూ తప్పే. తగినంత బలగం, అధికారం, చివరిదాకా నిలిచే పట్టుదల ఉండాలి. సంతకం చేసేవారికి 270 ఒక అంకె. ఆ దళం నీడన తలదాచుకున్నవారికి అది ప్రాణం. ఫైళ్ళ మధ్య బ్రతికిన మనకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.