విండోస్‌లో ఒక టైమ్, ఉబుంటులో ఇంకో టైమ్: ఆ ఐదున్నర గంటలు ఎక్కడికి పోతున్నాయి?

ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు రెండూ వేసుకున్నవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. ఉబుంటు వాడి విండోస్‌లోకి రాగానే గడియారం వెనక్కి పోతుంది కదా? రాత్రి 11:59కి అసైన్‌మెంట్ డెడ్‌లైన్ అనుకోండి. అసలు టైమ్ 11:50, స్క్రీన్ మీద మాత్రం 6:20. ఇంకా బోలెడు టైముందని మీరు టీ తాగడానికి వెళ్లిపోతారు. అయిపోయింది!

ముందు తేడా ఎంతో చూడండి. డేట్ ఏదో పాత సంవత్సరానికి పోతుంటే అది మదర్‌బోర్డు మీదుండే బ్యాటరీ గొడవ. చాలా డెస్క్‌టాప్‌లలో అది సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ, మార్చేస్తే సరిపోతుంది. తేడా కచ్చితంగా 5 గంటల 30 నిమిషాలుంటే మాత్రం ఏదీ పాడవలేదు.

మదర్‌బోర్డులో చిన్న గడియారం ఒకటుంటుంది. సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా అది తిరుగుతూనే ఉంటుంది. కానీ అందులో ఉన్నది ఏ దేశం టైమో అది చెప్పదు, ఉత్త అంకెలే. విండోస్ దాన్ని మన లోకల్ టైమ్ అనుకుంటుంది. లైనక్స్ యూటీసీ అనుకుంటుంది. మన టైమ్ యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు. లైనక్స్ యూటీసీ రాసిపెడితే విండోస్ అదే మన టైమ్ అని చూపిస్తుంది. విండోస్ ఇంటర్నెట్ నుంచి టైమ్ సరిచేసుకుని మళ్లీ రాస్తే, ఈసారి లైనక్స్ ఐదున్నర గంటలు ముందుకు దూకుతుంది. ఇద్దరూ ఒకే గోడ గడియారాన్ని తిప్పుకుంటూ కూర్చున్నట్టు!

ఈజీ దారి లైనక్స్‌ని మార్చడం. టైమ్ సరిగ్గా ఉన్నప్పుడు టెర్మినల్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ కొట్టండి. ఒక్క లైనే. తర్వాత ఉత్త ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ కొడితే ఒక వార్నింగ్ కనిపిస్తుంది, కంగారు పడకండి. వేసవిలో గంట ముందుకు జరిపే దేశాల్లో ఈ సెట్టింగ్ తలనొప్పి తెస్తుంది. మన దగ్గర ఆ పద్ధతి లేదు.

కానీ ఎంఎస్‌కి అమెరికా వెళ్తున్నారా? అయితే ఇది వద్దు. అక్కడ టైమ్ మారిన రోజు రెండు సిస్టమ్‌లూ చెరో గంట జరిపేయొచ్చు. అప్పుడు విండోస్‌నే మార్చండి, నేను చేసేదీ అదే. రెజ్ఎడిట్ ఓపెన్ చేసి హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, టైమ్ జోన్ ఇన్ఫర్మేషన్ దాకా వెళ్లండి. అక్కడ ‘రియల్‌టైమ్ఈజ్‌యూనివర్సల్’ పేరుతో కొత్త డీవర్డ్, స్పేస్‌లు లేకుండా, వాల్యూ 1. పక్కనున్నవేవీ కెలకొద్దు. రీస్టార్ట్ చేసి, డేట్ అండ్ టైమ్ సెట్టింగ్స్‌లో సింక్ నౌ నొక్కండి.

ఒక్కటి గుర్తుంచుకోండి, రెండూ కలిపి చేయొద్దు. చేస్తే విండోస్ యూటీసీ అంటుంది, లైనక్స్ లోకల్ అంటుంది, మళ్లీ అదే ఐదున్నర గంటలు. ఆల్రెడీ చేసేశారా? లైనక్స్‌లో టైమ్ సరిచూసుకుని, అదే కమాండ్ చివర 1 బదులు 0 పెట్టి కొట్టండి.