గర్భిణుల ఆరోగ్య పరీక్షలు – పంచాయతీ కర్తవ్యము

అర్ధవీడు మండల పంచాయతీ సభ్యులారా!

విత్తనము వేసిన రైతు పంట ఇంటికి చేరువరకు చేను చూడక ఉండడు. ఆకు పండుబారిన నాడే కారణము వెదకును. ఇంటి కోడలు గర్భవతియైనపుడు మాత్రము, “బాగానే ఉన్నది గదా, ఆసుపత్రి ఎందుకు?” అనుచుందుము. చిక్కంతయు ఆ మాటలోనే ఉన్నది.

రక్తహీనత గాని, రక్తపోటు గాని తొలుత నొప్పి కలిగింపవు. పరీక్షించిననే బయటపడును. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత; 7కు తగ్గినచో మిక్కిలి అపాయము. రక్తపోటు 140/90కి చేరినచో వెంటనే వైద్యుని చూపవలెను. అశ్రద్ధ చేసిన గుర్రపువాతము, అనగా మూర్ఛలు వచ్చి, తల్లీబిడ్డల ప్రాణములకే ముప్పు కలుగవచ్చును.

కావున కనీసము 4 పరీక్షలు తప్పనిసరి. మొదటిది 12 వారముల లోపల, రెండవది 14–26 వారముల మధ్య, మూడవది 28–34 వారముల మధ్య, నాలుగవది 36 వారముల తరువాత జరుగవలెను. బరువు, రక్తపోటు, రక్తము, మూత్రము చూతురు. మధుమేహము, హెచ్.ఐ.వి., సిఫిలిస్ ఉన్నవేమో కూడ పరీక్షింతురు. నాలుగవ నెల నుండి దినమునకొక ఇనుము మాత్ర చొప్పున 180 దినములు వాడవలెను. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో, నాలుగవ నెల నిండిన గర్భిణులకు వైద్యులు ఉచితముగా పరీక్ష చేయుదురు. స్కానింగు బిడ్డ క్షేమము తెలిసికొనుటకే. ఆడా మగా అని అడుగుటయు, చెప్పుటయు 1994 నాటి చట్టము ప్రకారము నేరము.

ఇక మన ప్రాంతపు సంగతి. వానలు లేని ఏడు మన కుటుంబములు గుంటూరు వైపు మిరప కోతలకును, హైదరాబాదు కట్టడపు పనులకును వలసపోవును. తొలి కాన్పునకు ఆడపడుచు పుట్టింటికి పోవును. అత్తవారి ఊరివారు పోయినదందురు. పుట్టింటి ఊరివారికి వచ్చినట్లు తెలియదు. ఇట్లు రెండు ఊళ్ల నడుమ ఒక తల్లి ఏ లెక్కలోను లేకుండ పోవును. నల్లమల అంచున ఉన్న గూడెములవారికి దారియే అడ్డంకి.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములలో ఆరోగ్యమును, స్త్రీ శిశు సంక్షేమమును చేర్చినది. కనుక ఇది మన పని కూడ. సూది వేయుట నర్సమ్మ పని. ఆమె చెంతకు గర్భిణిని చేర్చుట మన పని.

మీరు చేయదగినవి మూడు. ప్రతి నెల ఆశా కార్యకర్తతోను, అంగన్‌వాడీ కార్యకర్తతోను కూర్చుండి గర్భిణుల పట్టీ సరిచూడుడు. వలసపోవు తల్లి చేతిలో మాతా శిశు సంరక్షణ కార్డు ఉన్నదో లేదో విచారించి, ఆమె చేరు ఊరి ఆరోగ్య సిబ్బందికి కబురు పంపించుడు. దూరపు గూడెముల వారికి పరీక్ష దినమున ఆటో కుదుర్చుడు.

ఊరిలో ఎన్ని బోర్లున్నవో, ఎన్ని వీధిదీపములున్నవో మనకు నోటికి వచ్చును. గర్భిణులు ఎందరని అడిగినపుడు కూడ అట్లే చెప్పగలిగిన నాడు మన పంచాయతీ తన పని చేసినట్లు.