చీనీ చెట్టు – నీటి యెద్దడి



అమరకోశమున వృక్షమునకు పాదపమను పేరు కలదు. పాదములతో త్రాగునది యని యర్థము. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియు అనంతపురము సీమలో ఆ పేరు చీనీ చెట్టునకు మిక్కిలి తగును. అచ్చట దాని బ్రదుకంతయు బోరునీటిపై ఆధారపడి యున్నది.

నీరు తగ్గినంతనే చెట్టు ఆకులయందలి సూక్ష్మరంధ్రములను మూసికొని వ్యయమును తగ్గించుకొనును. గాలియు ఆ దారినే రావలెను గనుక ఆహారము తఱిగి చిగురు నిలిచిపోవును. మధ్యాహ్నమున దోనెవలె ముడిగిన ఆకు సాయంకాలమునకు విచ్చుకొనినచో భయము లేదు. మఱునాటి యుదయమునకును విచ్చుకొననిచో రైతు మేలుకొనవలెను. అప్పటికే ఆకులు కాయలలోని నీటిని లాగికొనుచుండును. చెట్టు లెక్కలో ఆకు ముందు, కాయ తరువాత! పిందె రాలును; నిలిచిన కాయ చిన్నదై పులుపెక్కును. పిమ్మట ఒక్కపెట్టున వాన కురిసినచో తోలు సాగలేక పగులును.

ఇంత హాని చేయు దప్పికయే పూతకు కారణమగుట విచిత్రము. తేలికనేలలలో నెల దినములు, బరువునేలలలో అంతకు మించియు నీరాపి చెట్టును బెట్టకు విడుతురు. తిరిగి నీరు తగిలిన మూడు నాలుగు వారములకు కొమ్మ పూయును. ఇటలీ దేశపు సిసిలీ ద్వీపమున నిమ్మతోటల వారును వేసవిలో ఇట్లే నీరాపి, పిదప పెట్టి, మరుసటి వేసవికి పచ్చనిమ్మలను పొందుదురు.

అయితే పెట్టిన బెట్ట వేఱు, పడిన బెట్ట వేఱు. జనవరి, ఫిబ్రవరి పూత పిందెలై యెదుగు ఏప్రిల్, మే నెలలలోనే బోరు వట్టిపోవును. 2002 నాటి కరవు వంటి కాలములలో ట్యాంకర్లతో నీరు తోలియు తోటలను దక్కించుకొనలేని రైతులు కలరు. అట్టి యేట ఉన్న నీటిని కాపునకును చెట్టునకును పంచబూనుట రెంటికిని చేటు. పిందెలను దులిపివేసి, ఎండుకొమ్మలు కోసి, పాదులలో వేరుసెనగ పొట్టు కప్పి, ఆ నీటిని చెట్టు ప్రాణమునకే వాడవలెను. కడుపు తరుగుకొని పోవు పనియే. కాని కాపు మరుసటి యేటికి వచ్చును, చెట్టు పోయినచో క్రొత్తది కాయుటకు నాలుగైదేండ్లు పట్టును. పాదు కొమ్మల చివరల క్రిందుగా ఉండవలెను. నీరు పీల్చు సన్నవేళ్లు అచ్చటను కలవు. మొదలు తడిసినచో బంకతెగులు పుట్టును.

క్రొత్తగా నాటువారు రంగపూరు నిమ్మపై కట్టిన అంటునే అడుగవలెను. జంబేరి వేరుకంటె అది బెట్టకు ఓర్చును. కొనునాడే అడిగి తెలిసికొనవలెను. పైనున్న చీనీ ఆకును చూచి క్రింది వేరు ఏదో చెప్పుట ఎవ్వరికిని సాధ్యము కాదు.