మనోగాయమునకు తగిన చికిత్స
(దివిసీమలోని ఒక గ్రామసభలో సమాచారశాఖాధికారి చేసిన ప్రసంగ పాఠము)



1977 నవంబరు 19వ తేదీని ఈ సీమవారికి ఎవరును జ్ఞాపకము చేయనక్కరలేదు. ఆనాటి ఉప్పెన 10,000 మందికి పైగా ప్రాణములను గొనిపోయినది. తరువాత ఇండ్లు లేచినవి. తుపాను షెల్టర్లు వెలసినవి. ఉప్పు పేరుకొనిన పొలములు మరల పంటకు వచ్చినవి. కాని ఆ రాత్రిని చూచినవారి మనస్సులలో మిగిలిన గాయముల మాట ఏమి? నేడు నేను మనవి చేయదలచినది ఆ విషయమే.

ముందుగా నా పొరపాటును చెప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట ఉప్పెన సంస్మరణ సభనొకదానిని ఏర్పాటు చేసితిని. తుపాను హెచ్చరికల విలువ ప్రజలకు తెలియవలెనను తలంపుతో, ఒక రైతును ఆ రాత్రి సంగతి చెప్పుమని పట్టుబట్టి ఒప్పించితిని. ఉప్పెన నాటికి ఆయన పదేండ్ల బాలుడు. తాటిచెట్టును కరచుకొని తాను బ్రతికినారు. చెల్లెలి చేయి మాత్రము జారిపోయినది. మైకు ముందు రెండు మాటలు చెప్పి ఆయన ఆగిపోయినారు. చేతులు వణకినవి. సభ్యులు చప్పట్లు కొట్టినారు. సభ బాగుగా జరిగినదని నేను సంతోషించితిని.

నెల గడచిన పిమ్మట ఆయన భార్య నన్ను వెదకుకొనుచు వచ్చినది. "బాబూ, ఆ రోజు నుంచీ ఆయనకు నిద్దర లేదు. చినుకు పడితే చాలు, లేచి కూర్చుంటున్నారు" అనినది. నేను తలవంచుకొంటిని. ఆయనను వెంటబెట్టుకొని జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యుని యొద్దకు పోతిని. అక్కడ నేను గ్రహించిన సంగతులనే మీకు విన్నవించుచున్నాను.

ఇది పిరికితనము కాదు; దయ్యము పట్టుటయు కాదు. ఘోరమైన ఆపదను చూచినవారికి పీడకలలు, ఉలికిపాటు, ఆ చోటికి పోవలెనన్న భయము కలుగుట సహజము. అనేకులకు అయినవారి తోడువలన, పనిపాటల వలన, కాలక్రమమున అవి తగ్గిపోవును. నెల దాటినను తగ్గక, నిద్రను, పనిని, సంసారమును చెరుపుచున్నచో వైద్యము అవసరము. అట్టి వైద్యము కలదు. ఎన్ని ఏండ్లు గడచినను దానివలన మేలు కలుగవచ్చును.

అయితే అందరికిని ఒకే పద్ధతి పనికిరాదు. మొదటిది మాటల చికిత్స. శిక్షణ పొందినవారి యెదుట రోగి తన జ్ఞాపకమును కొంచెము కొంచెముగా చెప్పుకొనును. "నా వలననే చెల్లెలు పోయినది" అను తలంపు నిజమా కాదా అని వారి సాయముతో విచారించుకొనును. సాధారణముగా ఇది 8 నుండి 12 మారులు జరుగును. రెండవది, వైద్యుని వ్రేలి కదలికను కన్నులతో వెంబడించుచు జ్ఞాపకమును తలచుకొను పద్ధతి. దీనిని 1987లో అమెరికాలో ఫ్రాన్సిన్ షపీరో అను విదుషి కనిపెట్టినది. జరిగినదంతయు నోట చెప్పలేనివారికి ఇది అనుకూలము. మూడవది మందు. సెర్ట్రలిన్ వంటి మందులు గుణమిచ్చుటకు కొన్ని వారములు పట్టును; వైద్యుని అడుగక మానరాదు. నిద్రమాత్రలును, సారాయియు దీనికి చికిత్స కావు.

నా వేదికకును, వైద్యుని గదికిని భేదమేమని మీరడుగవచ్చును. రెండు చోట్లను చెప్పవలసినది ఆ కథయే కదా! వేదికపై సమయమును నేను నిర్ణయించితిని. వినువారిని నేను పిలిచితిని. వైద్యుని గదిలో ఎప్పుడు మొదలిడవలెనో, ఎచ్చట ఆపవలెనో రోగితో ఆలోచించియే నిర్ణయింతురు. ఆ రైతు "ఇప్పుడు చెప్పలేను" అనగా వైద్యుడు బలవంతపెట్టలేదు. మొదట నిద్ర కుదుటపడుటకును, ఊపిరిని నెమ్మదిగా విడుచుటకును ఉపాయములు నేర్పినారు. రెండు నెలలకు ఆయనయే నోరు విప్పినారు. చెల్లెలి పేరు భార్యకు కూడ ఆనాడే తెలిసినది.

కావున వైద్యుని నిస్సంకోచముగా అడుగుడు: ఇది ఏ పద్ధతి? ఎన్ని వారములు పట్టును? నడుమ బాధ హెచ్చినచో ఏమి చేయవలెను? కొన్ని వారములకును గుణము కనబడకున్న ఆ మాట చెప్పుడు. పద్ధతి మార్చుట ఓటమి కాదు. స్త్రీలు కోరినచో స్త్రీ వైద్యురాలిని అడుగవచ్చును. ఇంటివారు "మరచిపో" అనరాదు. "చెప్పు, చెప్పు" అనియు వేధింపరాదు. ప్రక్కన కూర్చుండుటయే చాలును.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఈ చికిత్సను ప్రజల హక్కుగా చేసినది. రోగి సంగతులను గోప్యముగా ఉంచవలెనని విధించినది. ఆసుపత్రికి పోవుటకు ముందుగా మాటలాడదలచినవారికి 14416 అను టెలిమానస్ ఫోను నంబరు కలదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ఈ సేవ ఉచితము. రాత్రింబవళ్ళు తెలుగులోను లభించును.

ఆ రైతు ఇప్పుడు వాన రాత్రులలో నిద్రించుచున్నారు. నవంబరు వచ్చినచో ముఖము వాడుట మాత్రము మానలేదు. ఈ సభకును ఆయన వచ్చియున్నారు. ఈ సంగతులు చెప్పుటకు ఆయన అనుమతిని ఈసారి ముందుగానే అడిగితిని. ఆయనను వేదికపైకి పిలువను.