ముందు స్టేషన్లు, తర్వాత గేట్లు

మాదాపూర్ ఆఫీసుల్లో డేటాబేస్‌తో పని చేసేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కు ఒకటుంది.

నాగోలు–రాయదుర్గం మెట్రో మార్గాన్నే తీసుకుందాం. స్టేషన్లు ఒక టేబుల్‌లో, వాటి గేట్లు ఇంకో టేబుల్‌లో, స్టేషన్‌కు నాలుగేసి గేట్లు ఉన్నాయనుకోండి. రాయదుర్గం వైపు నుంచి మూడు స్టేషన్లు కావాలి: రాయదుర్గం, హైటెక్ సిటీ, దుర్గం చెరువు. రెండు టేబుళ్లనూ జాయిన్ చేసి చివర్లో స్టేషన్ల వరసకు ఆర్డర్ బై, లిమిట్ 3 అని రాస్తే రాయదుర్గం పేరే మూడుసార్లు వస్తుంది, అదీ నాలుగో గేటు లేకుండా! లిమిట్ లెక్కపెట్టేది జాయిన్ అయ్యాక తేలిన వరసలను. ఏది స్టేషనో, ఏది గేటో దానికి పట్టదు.

అలాగని లిమిట్ 12 పెట్టకండి. రేపు ఒకచోట గేటు పెరిగితే మళ్లీ తప్పే.

ముందుగా సబ్‌క్వెరీలో ఆర్డర్ బై, లిమిట్ 3తో స్టేషన్లను ఏరుకోండి. ఆ తర్వాత గేట్లను లెఫ్ట్ జాయిన్ చేయండి. మామూలు జాయిన్ అయితే, గేట్ల వివరాలు ఇంకా ఎక్కని స్టేషన్ మాయమైపోతుంది. బయట కూడా ఆర్డర్ బై రాయాల్సిందే. లోపలి వరస అలాగే నిలుస్తుందన్న హామీ ఎస్‌క్యూఎల్‌లో లేదు.

లిఫ్టు ఉన్న గేటు గల స్టేషన్లే కావాలా? ఆ షరతును సబ్‌క్వెరీ లోపలే ఎగ్జిస్ట్స్‌తో పెట్టండి. బయట పెడితే మూడు కాస్తా ఒకటో రెండో అయిపోవచ్చు.

ఇక స్టేషన్‌కు రెండేసి గేట్లే చాలనుకుంటే, పోస్ట్‌గ్రెస్‌లో 2013 నాటి 9.3 నుంచి లేటరల్ జాయిన్ ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో 8.0 నుంచి రో నంబర్ ఫంక్షన్‌తో అదే పని అవుతుంది.