అమ్మ నడుముకు పదిహేను నిమిషాలు

 

 సంఘం వాళ్లు నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. అది హాస్టల్లో రోజూ చెప్పేదే. ఈ రోజు మీ ఇంట్లో ఉన్న నొప్పి గురించి చెప్తాను.

సెలవుల నుంచి తిరిగొచ్చిన పిల్లల్ని నేనొక మాట అడుగుతుంటాను: మీ యాడి పొద్దున మంచం మీంచి ఎట్లా లేస్తుంది? "గోడ పట్టుకుని, మేడం" అంటారు చాలామంది. నాట్లు, కలుపు, చెరకు కొట్టుడు, నెత్తి మీద కట్టెల మోపు. మన జిల్లాలో బీడీలు చుట్టే తల్లులైతే మెడ వంచి గంటల తరబడి కూచుంటారు. మూడు నెలలు దాటినా పోని నొప్పిని డాక్టర్లు దీర్ఘకాలిక నొప్పి అంటారు. మన దగ్గర దాన్ని వయసు అంటారు. నలభైకే వయసేంది? నాకూ నలభై దాటాయి, నేనైతే ఒప్పుకోను.

మా యాడి ఏళ్ల తరబడి నొప్పి గోళీలు మింగింది. చీటీ లేదు, లెక్క లేదు. చివరికి కడుపులో పుండు పడింది, గోళీలు ఆపాల్సి వచ్చింది. నడుం నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది. అప్పుడు ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నా చేతులు పట్టుకుని మాలిష్ నేర్పింది. గోరువెచ్చటి నువ్వుల నూనె. వెన్నెముక ఎముక మీద కాదు, దానికి రెండు పక్కలా కండ మీద, అరచేతితో నిదానంగా. "నొప్పి పుడితే గట్టిగా చేసినట్టు, బాగా చేసినట్టు కాదక్కా" అన్నది. నేను అంతకు ముందు మోకాలితో తొక్కేదాన్ని!

నిజం చెప్తాను, నొప్పి పోలేదు. రాత్రి నిద్ర పట్టింది. నిద్ర పట్టినాక పొద్దున నాలుగడుగులు నడిచింది. నడక మొదలైనాకే మార్పు కనిపించింది.

మాలిష్ ఏం చేస్తుంది? జారిన ఎముకను ఎక్కించదు, అరిగిన మోకాలి గుజ్జును తిరిగి తేదు. దెబ్బ తగిలితే వెంటనే ఆ చోట రుద్దుకుంటాం కదా, ఎందుకు? స్పర్శ కబురు వెన్నుపాములో నొప్పి కబురును కొంత అడ్డుకుంటుందని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. బిగుసుకున్న కండ సడలడం, మనిషి చేయి తగిలితే మనసు కుదుటపడడం కూడా ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2020లో 61.9 కోట్ల మందికి నడుం నొప్పి ఉంది. ఆ సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామం, నొప్పి గురించి అవగాహనతో పాటు మాలిష్ కూడా ఉంది. ఒక్క మాలిషే చాలని మాత్రం ఎక్కడా లేదు.

ఇది మాత్రం గట్టిగా వినండి. నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం, కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పడం, మూత్రం ఆగకపోవడం ఉంటే నూనె సీసా పక్కన పెట్టి ఆసుపత్రికి తీసుకుపోండి. ఒకే పిక్క వాచి, వేడిగా ఉంటే దాన్ని పిసకొద్దు. లోపల రక్తం గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. షుగర్ ఉన్నవాళ్ల పాదాలకు వేడి ఇటుక కాపడం పెట్టొద్దు, కాలినా వాళ్లకు తెలియకపోవచ్చు.

మన తండాల్లో పసిబిడ్డకు, బాలింతకు నూనె రాసి ఒళ్లు పట్టేది ఆడవాళ్లే. ఊరందరి ఒళ్లు పట్టిన ఆ చేతులకు నొప్పి వస్తే పట్టేదెవరు? మగపిల్లలు తల దించుకోవద్దు, మిమ్మల్నే అడుగుతున్నా. క్రికెట్‌కు రెండు గంటలున్నాయి, యాడికి పదిహేను నిమిషాలు లేవా? బైపీసీ చదివేవాళ్లు ఫిజియోథెరపీ డిగ్రీ సంగతి కూడా కనుక్కోండి.

భోజనాల తర్వాత పక్క గదిలో చేసి చూపిస్తాను. నూనె నేను తెచ్చాను. తువ్వాలు ఒకటి, వీలైతే మీ అమ్మనూ తీసుకుని రండి.