కొండ చివరికి వెళ్ళాక ఇంకెక్కడికి?



కూచిపూడి నాట్యానికీ భోజనాలకీ మధ్య నాకు పది నిమిషాలు ఇచ్చారు. ఆకలి మీద ఉన్నవాళ్ళ ముందు ఎక్కువసేపు మాట్లాడటం క్షేమం కాదు గనుక, ఒక్క పిట్ట కథ చెప్పి దిగిపోతాను. అలంకారానికి అన్న మాట కాదు, నిజంగా పిట్ట గురించే.

క్వీన్స్‌లాండ్ ఉత్తరాన కెయిర్న్స్ చుట్టూ వెట్ ట్రాపిక్స్ అడవులున్నాయి. 1988లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి చల్లని కొండల మీద తప్ప ప్రపంచంలో మరెక్కడా కనిపించని పక్షి గోల్డెన్ బవర్‌బర్డ్. మగపక్షి బంగారు పసుపు రంగులో మెరిసిపోతుంది. పుల్లలతో రెండు గోపురాల పొదరిల్లు కట్టి, పూలతో అలంకరించి, ఆడపక్షి కోసం ఎదురుచూస్తుంది. పెళ్ళయ్యాక మాత్రం గూడు కట్టేదీ, పిల్లల్ని పెంచేదీ ఆవిడ ఒక్కత్తే. (ఇక్కడ మగవాళ్ళు నవ్వకూడదు!)

ఇప్పుడు చిన్న లెక్క. కొండ మీద ప్రతి వంద మీటర్లకు సుమారు 0.6 డిగ్రీల చల్లదనం పెరుగుతుంది. అంటే వాతావరణం ఒక డిగ్రీ వేడెక్కితే, పాత చల్లదనం కోసం పక్షి దాదాపు 170 మీటర్లు పైకి ఎక్కాలి. 1910 నుంచి ఆస్ట్రేలియా దాదాపు ఒకటిన్నర డిగ్రీలు వేడెక్కింది. క్వీన్స్‌లాండ్‌లో అన్నిటికన్నా ఎత్తైన బార్టిల్ ఫ్రెరె శిఖరం ఎత్తు 1,600 మీటర్లకు కొద్దిగా పైన, అంతే.

ఎక్కితే ఎక్కింది, ఏం పోయింది అనిపించవచ్చు. కొండ శంఖువు లాంటిది కదా. సగం ఎత్తుకు చేరేసరికి అడ్డకోతలో వైశాల్యం నాలుగో వంతే మిగులుతుంది. పైకి పోయేకొద్దీ గూటికి చోటు తరుగుతుంది. శిఖరం దాటితే ఆకాశమే. పక్కకొండకు ఎగిరిపోదామంటే మధ్యలో వేడి లోయలు అడ్డం. మనం ఉద్యోగం కోసం సముద్రాలు దాటి వచ్చాం. ఆ పిట్టకు వీసా ఇచ్చే దేశం లేదు.

జేమ్స్ కుక్ యూనివర్సిటీ శాస్త్రవేత్త స్టీఫెన్ విలియమ్స్, ఆయన సహచరులు 2003లోనే ఈ ప్రమాదం గురించి హెచ్చరించారు. అప్పుడది కంప్యూటర్ అంచనా. తరువాత ఏళ్ళ తరబడి అడవిలో తిరిగి పక్షుల్ని లెక్కపెట్టారు. 2000 నుంచి 2016 వరకు పోగైన ఆ లెక్కలు 2021లో ప్రచురితమయ్యాయి. కొండపక్షులు చాలావరకు తమ ఆవాసపు దిగువ అంచుల్లో 40 శాతానికి పైగా తగ్గాయి. ఎత్తైన చోట్లకే పరిమితమైన జాతుల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. మైదానపు పక్షులు మాత్రం పైకి వచ్చి ఆ చోట్లలో పెరుగుతున్నాయి. వృత్తిరీత్యా నేను ప్రోగ్రాములు రాసేవాణ్ణి. అంచనా తప్పైతే సంతోషించే సందర్భాలు మాకు అరుదు. ఇది తప్పైతే బాగుండేది.

మన ఊళ్ళ సంగతి కూడా వేరు కాదు. తిరుపతి జిల్లా నేలపట్టులో పెలికాన్లు చెరువు నిండితేనే చెట్ల మీద గూళ్ళు కడతాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వాళ్ళు వలస పక్షుల్ని ఊరి అదృష్టంగా భావించి కాపాడుకుంటున్నారు. కొంగ వస్తే వాన వస్తుందని నమ్మిన తాతల మనుమలం మనం. వాన వస్తేనే కొంగ నిలుస్తుందని మనకు విడిగా చెప్పనక్కరలేదు.

మనమేం చేయగలం? ఏటా అక్టోబరులో ఇక్కడ బర్డ్‌లైఫ్ ఆస్ట్రేలియా వారి పక్షుల లెక్కింపు జరుగుతుంది. పిల్లలతో పెరట్లో ఇరవై నిమిషాలు కూర్చుని కనిపించిన పక్షుల్ని నమోదు చేయాలి. అంతే. లెక్క ఉంటేనే నష్టం కనబడుతుంది. కనబడితేనే ఓటు వేసేటప్పుడూ, కరెంటు వాడేటప్పుడూ గుర్తుకొస్తుంది.

సెలవుల్లో కెయిర్న్స్ వెళ్తే సముద్రం చూసి తిరిగి వచ్చేయకండి. ఒక పూట కొండెక్కండి. ఆ బంగారు పిట్ట పొదరిల్లు అలంకరించుకుంటూ ఉంటే, దూరం నుంచి, చప్పుడు చేయకుండా మీ పిల్లలకు చూపించండి. వాళ్ళ పిల్లలకు చూపించే అవకాశం ఉంటుందో లేదో మన తరం చేతిలోనే ఉంది.

భోజనాలు సిద్ధంగా ఉన్నాయట. సెలవు.